పేరులో ఊరు, ఊరిలో పాట
(హిందూపురం అయ్యవారి స్మారకోపన్యాసం: పెనుకొండ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వానపత్రిక అందినప్పటి నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. 'స్మారకోపన్యాసం అన్నారు, ఎవరి స్మారకమో పేరే వేయలేదేం?' అని. మరిచిపోయి వదిలేసిన పేరు కాదది. అయ్యవారు మంచం పట్టిన రోజుల్లో శిష్యులమైన మా అందరి దగ్గరా ఒక మాట తీసుకున్నారు. 'నా పేరు గోడలకెక్కించొద్దప్పా. పిల్లోళ్లకు పాట చెప్పండి, చాలు' అన్నారు. ఆ మాట దాటలేక ఊరి పేరు వేశాం. ధర్మవరంలో ఒక మగ్గం ఇంట్లో పుట్టి, హిందూపురంలో నలభై ఏళ్లు పాఠం చెప్పి, చివరికి కూతురి ఇల్లని ఈ పెనుకొండకు వచ్చి కన్నుమూసిన మనిషి ఆయన. ఈ మూడు ఊళ్లలో ఎక్కడ 'అయ్యవారు' అన్నా చాలామందికి ఆయనే గుర్తొస్తారు.

మనిషి పేరు బదులు ఊరి పేరు పెట్టడం నాకు నచ్చింది. ఎందుకంటే ఈ రోజు నేను చెప్పబోయేది అలాంటి ఇద్దరి సంగతి. ఒకాయనది ఇటలీ, ఒకాయనది మన రాజంపేట పక్క పల్లె. ఇద్దరూ దేవుడి కోసం పాట కట్టినవాళ్లు. ఇద్దరి పేరులోనూ ఊరుంది.

మొదట ఒక సాయంత్రం గురించి చెబుతాను. నేను బెంగళూరులో ఉద్యోగానికి కొత్తగా చేరిన రోజులు. ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లమ్మే చోట ఒక క్యాసెట్ దొరికింది. పాశ్చాత్య చర్చి సంగీతం. నాకేమీ అర్థం కాలేదు గానీ ఏదో పట్టి లాగింది. సెలవుకు వచ్చినప్పుడు హిందూపురం తీసుకుపోయి అయ్యవారికి వినిపించాను. అరుగు మీద చాప, చాప మీద టేప్ రికార్డరు. వాయిద్యమేదీ లేదు. ముందు ఒక గొంతు లేచింది. దాని వెనకే అదే వరస అందుకుని ఇంకో గొంతు, ఆ వెనక మరొకటి. ఆరు గొంతులయ్యాయి. అయ్యవారు తాళం వేద్దామని చెయ్యెత్తి, వేయకుండానే దించేశారు. కళ్లు మూసుకున్నారు. ఆ పక్క అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: 'ఆరు మంది ఒకేసారి మాట్లాడుతుండారు. ఒకడు ఇంకొకడి మాట తొక్కడం లేదే! మా నాయన పడుగు సర్దినట్టుంది. ఏ పోగు దారి ఆ పోగుదే, చూస్తే ఒకటే గుడ్డ.'

కాసేపాగి, 'ఎవురప్పా ఈయప్ప? ఏ ఊరు?' అన్నారు.

'ఊరే పేరు అయ్యవారూ. పాలెస్ట్రీనా అనే ఊళ్లో పుట్టినందుకు పాలెస్ట్రీనా అంటారు. అసలు పేరు జొవాన్నీ పియెర్లుయీజీ' అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. 'అట్లయితే మనోడే. తాళ్లపాకాయన, రాళ్లపల్లాయన, పుట్టపర్తాయన, మా ధర్మవరం రామకృష్ణమాచార్యులు. మనకూ అంతే గదా, ముందు ఊరు, ఆ తర్వాతే మనిషి.'

ఆ నవ్వు నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. ఆ ఊరేమిటో, ఆ మనిషెవరో తెలుసుకుంటూ వచ్చాను.

రోముకు తూర్పున దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో, ఇక్కడినుంచి హిందూపురం ఎంతో అంత దూరంలో, కొండవాలున ఉన్న ఊరది. పాత పేరు ప్రెనెస్తె. మన పెనుకొండలాగే కొండే దాని కోట, కొండే దాని కష్టం. రోము సైన్యాధిపతి సుల్లా క్రీస్తుపూర్వం 82లో ఆ ఊరిని ముట్టడించి కొల్లగొట్టాడు. ఊరికి పేరు తెచ్చింది మాత్రం ఒక గుడి. ఫార్చూనా ప్రిమిజేనియా అనే అదృష్టదేవత గుడి. కొండవాలంతా అంతస్తులు అంతస్తులుగా, మెట్లుగా, మంటపాలుగా కట్టారు. అక్కడికి జనం జోస్యం కోసం వచ్చేవారు. ఓక్ చెక్క ముక్కల మీద అక్షరాలు చెక్కి ఉంచితే, ఒక చిన్నపిల్లవాడు చెయ్యి పెట్టి ఒకటి తీసేవాడు. అందులో ఏముంటే అదే దేవత మాట. సిసెరో ఈ సంగతి రాశాడు. చిలక చేత కార్డు తీయించే మన జోస్యగాడు పక్కనే కూర్చున్నట్టు లేదూ?

తర్వాత కాలంలో ఆ గుడి మెట్ల మీదే ఇళ్లు లేచాయి, వీధులు పడ్డాయి. గుడి ఉందన్న సంగతి ఊరికి తెలుసు గానీ, ఎంత గుడో కంటికి ఆనేది కాదు. 1944లో, రెండో ప్రపంచయుద్ధంలో, ఊరి మీద బాంబులు పడ్డాయి. ఇళ్లు కూలాయి. శిథిలాలు తొలగిస్తుంటే కింద నుంచి పాత గుడి అంతస్తులు బయటపడ్డాయి. కొండ పైన ఉన్న బార్బెరీనీ వారి భవనం ఇప్పుడు మ్యూజియం. నైలు నది వరదను జంతువులతో, పడవలతో, మనుషులతో చూపే రెండువేల ఏళ్ల నాటి రంగురాళ్ల చిత్రం అక్కడే ఉంది.

ఆ ఊళ్లో 1525 ప్రాంతంలో పుట్టాడు మన జొవాన్నీ. 1537 నాటికి రోములోని సాంతా మరియా మజ్జోరె చర్చిలో పాడే పిల్లల జాబితాలో అతని పేరుంది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇక్కడ అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ లేపాక్షిలో వీరభద్రుడి గుడి కట్టిస్తున్నాడు. నాట్యమంటపం స్తంభాల మీద తుంబురుడి చేత వీణ, బ్రహ్మ చేత మద్దెల పట్టిస్తున్నాడు. అక్కడ ఒక కుర్రవాడి గొంతు తయారవుతోంది, ఇక్కడ రాతికి గొంతు వస్తోంది. ఈసారి లేపాక్షి వెళ్తే ఆ స్తంభాల దగ్గర ఈ కుర్రవాణ్ణి కూడా ఒకసారి తలుచుకోండి.

1544లో సొంత ఊరికి తిరిగొచ్చి, సెయింట్ అగపీటస్ చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగంలో చేరాడు. 1547లో లుక్రేజియా గోరీని పెళ్లి చేసుకున్నాడు. చిన్న ఊరి చిన్న ఉద్యోగం. అయితే ఆ ఊరి బిషప్ 1550లో మూడవ జూలియస్ పేరుతో పోప్ అయ్యాడు. మరుసటి ఏడు తన ఊరి ఆర్గన్ వాద్యకారుణ్ణి రోముకు పిలిపించి, సెయింట్ పీటర్స్‌లోని జూలియన్ గాయక బృందానికి పెద్దను చేశాడు. పాట బాగుండటంతో పాటు మన ఊరివాడు పైన ఉండటం కూడా కావాలి. ఇది హిందూపురం వాళ్లకు నేను వివరించనక్కర్లేదు.

1555లో పోప్ సొంత చాపెల్‌లో, సిస్టైన్ గాయకుల్లో చోటు దొరికింది. అక్కడ నిబంధన ప్రకారం గాయకులు బ్రహ్మచారులై ఉండాలి. నాలుగవ పాల్ గద్దెనెక్కగానే పెళ్లైన గాయకుల్ని పంపించేశాడు, ఇతన్ని కూడా. తర్వాత వేరే చర్చిల్లో పనిచేసి, 1571లో మళ్లీ సెయింట్ పీటర్స్‌కే చేరాడు. 1570ల్లో అంటువ్యాధులు అతని ఇంటిని ఊడ్చేశాయి. తమ్ముణ్ణి, ఇద్దరు కొడుకుల్ని, 1580లో భార్యనూ పోగొట్టుకున్నాడు. సన్యసించి పాదిరీ అవుదామనుకున్నాడు. ఆ ఆలోచన మానుకుని, 1581లో బొచ్చుతోళ్ల వ్యాపారి విధవను పెళ్లాడి, ఆ వ్యాపారం కూడా చూసుకున్నాడు. వందకు పైగా మాస్‌లు, అంటే చర్చి ఆరాధన సంగీతాలు, రాసిన మనిషి తోళ్ల లెక్కలు చూసేవాడని చెప్పినప్పుడు అయ్యవారికి భలే సంతోషం వేసింది. ఆయన కూడా పగలంతా పట్టుచీరల దుకాణంలో పద్దులు రాసి, చీకటి పడ్డాక పాఠం చెప్పినవారు కదా.

ఇక 1565. ఆ ఏడాది జనవరి 23న రక్కసి తంగడి యుద్ధంలో విజయనగర సైన్యం ఓడిపోయింది. నగరం పాడైంది. తిరుమలరాయలు మిగిలిన పరివారంతో ఈ పెనుకొండకు వచ్చాడు. మనం కూర్చున్న ఈ ఊరు రాజధాని అయింది. అదే ఏడాది ఏప్రిల్ 28న రోములో కార్డినల్ విటెల్లోజ్జో విటెల్లి ఇంట్లో చిత్రమైన పరీక్ష ఒకటి జరిగింది. పోప్ గాయకుల్ని పిలిపించి కొన్ని మాస్‌లు పాడించారు. కార్డినళ్లు చెవులు రిక్కించి విన్నారు. స్వరం బాగుందా, రాగం బాగుందా అని కాదు వాళ్లు విన్నది. మాట తెలుస్తోందా లేదా అని.

ఆ పరీక్షకు వెనక కథ ఉంది. 1545 నుంచి 1563 వరకు ట్రెంట్ అనే ఊళ్లో కాథలిక్ మతపెద్దలు సభలు జరిపారు. అక్కడ సంగీతం మీద ఫిర్యాదులు వచ్చాయి. నాలుగైదు గొంతులు నాలుగైదు మాటలు ఒకేసారి పాడుతుంటే ప్రార్థనలో మాట ఎక్కడ? వీధి ప్రేమపాటల వరసలు తెచ్చి దేవుడి పాటకు అతికిస్తుంటే భక్తి ఎక్కడ? అప్పటికి మెలికల్లా పెనవేసుకున్న బహుగాత్ర సంగీతాన్ని నిషేధించబోతుంటే, పాలెస్ట్రీనా 'పోప్ మార్సెల్లస్ మాస్' రాసి కాపాడాడని తర్వాత కథ పుట్టింది. అది కథే. ఆ సంగీతం ఆ పరీక్షలో పాడారనడానికి ఆధారం లేదు. మార్సెల్లస్ 1555లో మూడు వారాలే పోప్‌గా ఉండి చనిపోయాడు. కానీ ఆ మాస్ మాత్రం కథకు తగ్గదే. 1567లో అచ్చయింది. ఆ రోజు అరుగు మీద మేం విన్న ఆరు గొంతులు అవే.

అందులో ఆయన చేసిన పని సూక్ష్మం. 'ప్రభూ, కరుణించు' అని రెండు మూడు మాటలే ఉన్న చోట గొంతుల్ని స్వేచ్ఛగా వదిలాడు, ఒకదాని వెనక ఒకటి పరుగెత్తనిచ్చాడు. మాట కొద్దిదే కాబట్టి ఎంత పెనవేసినా పోదు. మాటలు ఎక్కువున్న విశ్వాస ప్రకటన దగ్గరకు వచ్చేసరికి గొంతుల్ని గుంపులుగా కలిపి, అక్షరానికో స్వరం చొప్పున ఒకేసారి పలికించాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. స్వరం ఒక్కసారి పైకి ఎగిరితే, వెంటనే అడుగులో అడుగు వేసుకుంటూ కిందికి దిగాలి. రెండు గొంతులు రాపిడి పడొచ్చు, కానీ ఆ రాపిడి చెప్పి రావాలి, సర్దుకుని పోవాలి. ఈ పద్ధతిని 1725లో ఫుక్స్ అనే ఆస్ట్రియా పండితుడు పాఠ్యపుస్తకంగా రాశాడు. అందులో గురువు పాత్రకు అలోయిసియస్ అని పాలెస్ట్రీనా పేరే పెట్టాడు. చనిపోయి 131 ఏళ్లయినా అయ్యవారు అయ్యవారే.

మాట వినబడాలి అన్న ఆ తగాదా మనకెందుకు? ఎందుకంటే అదే తగాదా అంతకు ముందే ఈ పెనుకొండలో ఇంకో రూపంలో జరిగింది.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408లో పుట్టారని, 1503లో పరమపదించారని చెబుతారు. మనవడు చిన్నన్న ద్విపదలో ఆయన చరిత్ర రాశాడు. సాళువ నరసింహుడు ఆయన్ను ఆదరించాడు, పెనుకొండకు రప్పించుకున్నాడు. ఇక్కడి సభలో అన్నమయ్య వేంకటేశ్వరుడి మీద కట్టిన ఒక శృంగార సంకీర్తన పాడారు. రాజుకు ఒళ్లు పులకరించింది. 'ఇలాంటిదే నా మీద ఒకటి చెప్పు' అన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నారు. రాజు సంకెళ్లు వేయించాడు. ఆయన పాడారు, సంకెళ్లు ఊడిపడ్డాయి. ఇది చిన్నన్న చెప్పిన కథ.

రోము కథలో సంగీతం మతాధికారాన్ని గెలిచింది. పెనుకొండ కథలో రాజాధికారాన్ని గెలిచింది. రెండింటినీ తర్వాతి తరాలే చెప్పుకున్నాయి. పాటకు అంత బలం ఉండాలని మనుషులకు అంత ఆశ. అయితే పెనుకొండ కథలో రాజు తప్పు కోరికలో కాదు, వినడంలో ఉంది. వరస వినబడింది, వర్ణన వినబడింది, మాట ఎవరికి చెప్పిందో వినబడలేదు. చిరునామా చదవకుండా ఉత్తరం తనదే అనుకున్నాడు. కార్డినళ్లు భయపడింది కూడా సరిగ్గా అలాంటి చెవికే.

శృంగారం దగ్గర ఇద్దరి దారులు వేరు. 1584లో పాలెస్ట్రీనా బైబిల్లోని పరమగీతం మాటలకు సంగీతం కట్టి పోప్‌కు అంకితమిస్తూ, చిన్నతనంలో ప్రేమ కవితలకు సంగీతం కట్టినందుకు సిగ్గుపడుతున్నానని రాసుకున్నాడు. రెండేళ్లకే, 1586లో, ఇంకో ప్రేమపాటల సంపుటం అచ్చు వేయించాడనుకోండి. అన్నమయ్యకు ఆ సిగ్గు అక్కరలేకపోయింది. ఆధ్యాత్మ సంకీర్తనలు ఒక పక్క, శృంగార సంకీర్తనలు ఒక పక్క. అలమేలుమంగ అలిగినా, ఆకలిగొన్నవాడు అన్నమడిగినా, అన్నీ ఒకే తలుపు తట్టడమే. దేవుడితో మాట్లాడటానికి వేరే భాష ఆయన వెతకలేదు. ఇంట్లో, పొలంలో మాట్లాడే తెలుగునే తీసుకుపోయి కొండెక్కించారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఇద్దరి పాటా మనదాకా ఎలా వచ్చింది?

పాలెస్ట్రీనా మొదటి మాస్‌ల సంపుటం 1554లోనే రోములో అచ్చయింది. ప్రతి గొంతుకూ ప్రతి స్వరమూ కాగితం మీద ఉంది. 19వ శతాబ్దంలో మొదలుపెట్టి జర్మన్ పండితులు ఆయన రచనలన్నీ 33 సంపుటాలుగా వేశారు. ఆయన సమాధి మాత్రం లేదు. 1594 ఫిబ్రవరి 2న చనిపోతే సెయింట్ పీటర్స్‌లో పూడ్చారు. శవపేటిక మీద 'ప్రెనెస్తె వాడు, సంగీతానికి రాజు' అనే అర్థం వచ్చేలా లాటిన్‌లో రాశారు. తర్వాత కట్టడాల కింద అది ఎక్కడ కప్పబడిపోయిందో దొరకలేదు. మనిషి పోయాడు, సమాధి పోయింది, స్వరం ఒక్కటీ పోలేదు.

అన్నమయ్య విషయంలో దీనికి తలకిందులుగా జరిగింది. 32 వేల సంకీర్తనలు చెప్పారంటారు. కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారంలో దాచారు. దొరికినవి పద్నాలుగు వేల దాకా ఉన్నాయి. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన క్యాంబెల్ దొర, తిరుపతి రాగిరేకుల్లో పాత వ్యాకరణమేదో ఉందని విని చూడమని మనిషిని పంపాడు. ఉన్నవి వేంకటేశ్వరుడి పాటలేనని తెలిసి ఊరుకున్నాడు. వ్యాకరణం వెతికినవాడికి పాటలు దొరికితే నిరాశే మరి! మళ్లీ నూరేళ్లకు గానీ అవి అచ్చు మొహం చూడలేదు.

ఆ రేకుల మీద ప్రతి పాటకూ పైన రాగం పేరుంది. కింద పాట ఉంది. స్వరం లేదు. వరస లేదు. ఇటలీ వాడికి ప్రతి స్వరమూ మిగిలింది, మనకు దొరికిన పాటల్లో మాట మిగిలి వరస పోయింది.

ఆ వరసను మళ్లీ పుట్టించిన వాళ్లలో ముందుగా చెప్పాల్సిన మనిషి మన ఉమ్మడి అనంతపురం జిల్లావాడే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో కంబదూరు దగ్గర రాళ్లపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాలు తెలుగు చెప్పి, 1950 తర్వాత తిరుపతిలో కూర్చుని ఆ సంకీర్తనలను పరిష్కరించారు. నూటికి పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. 1974లో సంగీత కళానిధి అయ్యారు. రాగిరేకు ఇచ్చింది రాగం పేరే. మాటలో ఎక్కడ ఊపిరి తీయాలో, ఏ అక్షరం మీద నిలవాలో ఆయన పాటనే అడిగి తెలుసుకున్నారు. సాహిత్యం తెలిసిన చెవి, సంగీతం తెలిసిన చెవి ఒకే తలకు ఉండటం వల్ల సాధ్యమైన పని అది. ఇవాళ మనం వినే అన్నమయ్య వరసలు ఆ కాలపువి కావని కొందరు బాధపడతారు. నాకా బాధ లేదు. స్వరం రాసి ఉంటే దాన్ని కాపాడే పనే మనకు మిగిలేది. రాసి లేదు కాబట్టి ప్రతి తరమూ ఆ మాటను మొదటినుంచి వినాల్సి వచ్చింది. మాట వినకుండా వరస కట్టలేం గదా.

అలాగని రాయకపోవడం గొప్ప అనడం లేదు. అది కూడా చెప్పాలి. నా తప్పు ఒకటి ఉంది.

అయ్యవారు ఇరవై దాకా అన్నమయ్య సంకీర్తనలకు సొంతంగా వరసలు కట్టారు. మా చేత పాడించారు. నా చేతిలో టేప్ రికార్డరు ఉండేది. ఆ సాయంత్రం ఆరు గొంతుల పాట వినిపించిన రికార్డరే. ఖాళీ క్యాసెట్ వేసి, ఎర్ర బటను నొక్కి ఉంటే చాలు. ఎందుకు నొక్కలేదో ఇప్పటికీ చెప్పలేను. రేపు చేద్దాం, ఉగాదికి చేద్దాం అనుకుంటూ గడిపేశాను. ఆయన పోయాక వాళ్లమ్మాయి ఒక నల్ల అట్ట నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. దుకాణం పద్దుల పుస్తకం. ఒక వైపు చీరల లెక్కలు, పుస్తకం తిరగేస్తే రెండో వైపు నుంచి పాటలు. గుండ్రటి దస్తూరి. పైన రాగం పేరు, కింద సాహిత్యం. స్వరం ఒక్కటీ లేదు. రాగిరేకు మళ్లీ నా చేతికొచ్చింది.

ధర్మవరంలో జకార్డు మగ్గం చూసినవాళ్లకు తెలుసు. చీర అంచు మీద హంస ఎలా రావాలో చిల్లులు పొడిచిన అట్టల మీద ఉంటుంది. అట్టలుంటే ఎవరు నేసినా అదే హంస. అట్టలు రాకముందు అది నేతగాడి తలలో, చేతిలో ఉండేది. పాలెస్ట్రీనా మనకు అట్టలు వదిలిపోయాడు. అయ్యవారు చెయ్యి తీసుకుపోయారు. ఆ చెయ్యి పట్టుకుని నేర్చుకున్నవాళ్లం ఇంకా ఉన్నాం. అది కూడా ఎన్నాళ్లో లెక్క వేసుకోవాల్సిన వయసులోనే ఉన్నాం.

పోయిన నెల మేం ముగ్గురు శిష్యులం కలిశాం. నోటుపుస్తకంలో మూడో పాట తీశాం. ముగ్గురం పాడాం. మూడూ వేరేగా వచ్చాయి. పల్లవి దాకా ఒకటే, చరణంలో ఎవరి దారి వాళ్లది. హిందూపురం ఆయన పైకెళ్లాడు, ధర్మవరం అక్క మధ్యలో ఆగింది, నేను కిందికి దిగాను. గంటసేపు వాదించుకున్నాం, ఎవరిది అసలైంది అని. చివరికి అక్క అంది: 'ముగ్గురికీ వేర్వేరు ఏళ్లలో చెప్పినారు గదన్నా. ఆయనే మార్చుకుంటూ వచ్చినారేమో.' మేమిద్దరం నోరు మూసుకున్నాం. అది నిజమై ఉండాలి.

ఉపన్యాసం ఇక్కడితో ఆపుతాను. ఇప్పుడు మేం ముగ్గురం ఇక్కడికొచ్చి ఆ పాటను ఒకరి తర్వాత ఒకరం, ఎవరికి గుర్తున్నట్టు వాళ్లం పాడతాం. దయచేసి ఎవరూ సరిదిద్దొద్దు. మీ ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని మొదట చెప్పారు, ఇప్పుడు బయటికి తీసి రికార్డు చేయమంటున్నాను. ఒక్కటే కోరిక. బటను నొక్కి, పాట మొదలయ్యే ముందు తేదీ చెప్పండి, ఊరి పేరు చెప్పండి. అయ్యవారి పేరు చెప్పొద్దు. మాట ఇచ్చాం.